ఆది తెచ్చారా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

బ్యాంకులో పనిచేసి రిటైరయినవాణ్ణి కాబట్టి పొదుపు గురించో, వృద్ధాప్యంలో డబ్బు జాగ్రత్తల గురించో మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ఆ మాటలు మీరు ఎక్కడైనా వినవచ్చు. గత మూడేళ్ళుగా నేను చేస్తున్న పని ఇంకొకటుంది, దాని గురించి చెబుతానన్నాను. ఆయన సరే అన్నారు. ఆ పని కుట్టుపని. అరవయ్యో ఏట మిషను తొక్కడం నేర్చుకున్నాను. నా వాళ్ళకి కొని ఇచ్చే కానుకలు తగ్గించి, కుట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. వెనక వరసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, పరవాలేదు. మొదట్లో మా ఆవిడ కూడా నవ్వింది.

ఆ నవ్వులో ఒక చిత్రం ఉంది, గమనించారో లేదో. మన ఊళ్ళో డబ్బు తీసుకుని కుట్టేవాడు చాలాకాలం పాటు మగవాడే. బజారులో దుకాణం పెట్టుకుంటే ఆయన "టైలరు గారు". అదే పని ఇంట్లో, ఇంటివాళ్ళ కోసం చేస్తే అది ఆడవాళ్ళ పని. కూలి ఉంటే మగపని, కూలి లేకపోతే ఆడపని అన్నమాట! నేను కూలి లేకుండా కుట్టే మగవాణ్ణి. ఏ వరసలో కూర్చోబెట్టాలో తెలియక నవ్వు వస్తుంది, అంతే.

నాకు కుట్టు నేర్పింది మా వీధి చివర దుకాణం ఉన్న టైలరు. వయసులో నాకన్నా పెద్దాయన, బాబాయి అని పిలుస్తాను. ఆయన దగ్గర మొదటి మూడు రోజులూ బట్ట ముట్టుకోలేదు. మొదటి రోజు సూదిలో దారం లేకుండా ఉత్త మిషను తొక్కించారు. పక్కనున్న చక్రం ఎప్పుడూ మన వైపుకే తిరగాలి. వెనక్కి తిరిగితే దారం తెగుతుంది. పాదం అలవాటు పడేదాకా ఇది తప్ప ఇంకేం చేయనివ్వలేదు. రెండో రోజు గీతల నోటుబుక్కు కాగితం ఇచ్చి, దారం లేకుండానే గీత మీద కుట్టమన్నారు. కాగితం మీద సూది చిల్లులు గీత వెంట వరసగా పడాలి. మూడో రోజు గుండ్రటి గీతలు. నాలుగో రోజున దారం ఎక్కించారు. ఒకటో తరగతిలో ఇసుకలో అక్షరాలు దిద్దించడం లాంటిదే ఇది. ఈ బళ్ళో చదువుకున్నవాళ్ళకి ఆ పద్ధతి కొత్తేమీ కాదు.

మిషను గురించి నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఒకటి చెబుతాను. చేతి సూదికి కన్ను మొద్దు చివర ఉంటుంది. మిషను సూదికి కన్ను మొన దగ్గర ఉంటుంది. అంత చిన్న మార్పు మీద ఆ యంత్రమంతా నడుస్తోంది. సూది బట్టలోకి పూర్తిగా దూరి అవతలికి రానక్కర్లేదు. మొన దగ్గరున్న దారం కిందికి దిగి చిన్న ఉచ్చులా నిలుస్తుంది. కింద షటిల్‌లో ఉన్న బాబిన్ దారం ఆ ఉచ్చులోంచి వెళ్తుంది. పై దారం, కింది దారం బట్ట మందంలో, మధ్యలో, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అమెరికాలో ఇలియాస్ హోవే ఈ పద్ధతికి 1846లో పేటెంటు తీసుకున్నాడు. 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు పొందిన మిషను ఇళ్ళలోకి వచ్చింది. పై దారం బిగువు ఎక్కువైతే కింది దారం పైకి కనిపిస్తుంది. వదులైతే పై దారం కింద ఉండలు కడుతుంది. రెండూ సమానంగా లాగినప్పుడు మాత్రం ఏ దారం ఎక్కడిదో తెలియదు. ఆ బిగువు సరిచేయడానికే నాకు వారం పట్టింది.

గాంధీగారికి యంత్రాల మీద ఉన్న అభ్యంతరం మీకు తెలుసు. కానీ 1924లో ఒక సంభాషణలో ఆయన కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక, ప్రేమతో సింగర్ ఈ యంత్రం చేశాడని ఆయన చెప్పారు. చరిత్ర పుస్తకాల్లో సింగర్ గొప్ప వ్యాపారిగానే కనిపిస్తాడు, అది వేరే మాట. కానీ ఒక యంత్రం మంచిదా కాదా అని తేల్చడానికి, అది ఎవరి శ్రమ తగ్గించడానికి పుట్టింది అని గాంధీగారు అడిగారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. కానుకల విషయంలోనూ అదే అడగవచ్చనిపించింది. ఈ వస్తువు ఎవరి కోసం పుట్టింది?

ఇక కానుకల సంగతికి వస్తాను.

నేను కుట్టిన మొదటి కానుక చేతిసంచి. మా పక్కింటి పిన్నిగారికి. ఆవిడ రోజూ పొద్దున్నే కూరగాయలకి వెళ్తారు. సంచి కుట్టడం తేలిక, నాలుగు తిన్నని కుట్లు వస్తే చాలు అనుకుంటాం. బాబాయి దగ్గరికి బట్ట పట్టుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఆది తెచ్చారా?" సంచికి ఆది ఏమిటండీ అన్నాను. "మోసే మనిషి ఎత్తెంత? భుజాన వేసుకుంటుందా, చేత్తో పట్టుకుంటుందా? ఏం మోస్తుంది?" అన్నారు.

మన ఆడపడుచులకి ఆది అంటే చెప్పనక్కర్లేదు. మగవాళ్ళ కోసం చెబుతాను. కొత్త జాకెట్టు కుట్టడానికి ఇచ్చేటప్పుడు, సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి కొలత కోసం ఇస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటారు. దాన్ని పరిచి, దాని మీదే గీసుకుని, కొత్తది కత్తిరిస్తారు. ఆది లేకుండా కత్తెర పట్టకూడదన్నది బాబాయి మొదటి పాఠం.

మర్నాడు పొద్దున్న పిన్నిగారు బజారు నుంచి వస్తుంటే వీధి అరుగు మీద కూర్చుని చూశాను. ఆవిడ పొట్టి మనిషి. సంచి భుజాన వేసుకోరు, చేత్తోనే పట్టుకుంటారు. అందుకని పట్టీలు పొడుగ్గా ఉన్న సంచులన్నీ నేలకి రాసుకుని అడుగున చిరుగుతున్నాయి. తాళం చెవి కొంగున ముడి వేసుకుంటారు, ఇంటికి రాగానే ఆ ముడి విప్పడానికి సంచి నేల మీద పెడతారు. అంతా చూశాక పట్టీలు పది అంగుళాలకి కుదించాను. అడుగున బట్ట రెండు పొరలు వేశాను. పైన అంచు దగ్గర తాళం చెవికి చిన్న జేబు పెట్టాను. పట్టీ సంచికి అతికేచోట చతురంగా కుట్టి, ఆ చతురంలో మూల నుంచి మూలకి ఇంటూ గుర్తు కుట్టాలి. అప్పుడు బరువు నాలుగు వైపులకీ పంచుకుంటుంది, పట్టీ ఊడదు. సంచి ఇచ్చిన రోజున పిన్నిగారు మెచ్చుకోలేదు, పొగడలేదు. "ఇందులో జేబు ఉందే!" అని తాళం చెవి కొంగు ముడిలోంచి తీసి అందులో వేసేశారు. ఆ సంచి ఇప్పటికీ వాడుతున్నారు.

రెండో కానుక గురించి కాస్త నిదానంగా చెబుతాను. నేను ఇవాళ మాట్లాడటానికి ఒప్పుకున్నది దాని కోసమే.

మా అక్కయ్యకి డెబ్బై ఏళ్ళు దాటాయి. పాలకొల్లులో ఉంటుంది. ప్రతి సంక్రాంతికీ పుట్టింటి చీర పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. మంచి చీరే కొంటాం. రెండేళ్ళ కిందట, చీరతో పాటు జాకెట్టు నేనే కుట్టి ఇద్దామనిపించింది. ఆది కావాలంటే మా మేనకోడలు, అక్కయ్య రోజూ వేసుకునే జాకెట్టు ఒకటి తెచ్చి ఇచ్చింది.

ఆ జాకెట్టు బల్ల మీద పరిచి, బాబాయీ నేనూ చూశాం. ఆరు హుక్కులున్నాయి. పైదీ, అట్టడుగుదీ అరిగి మెరుస్తున్నాయి. మధ్య నాలుగూ కొత్తవాటిలా ఉన్నాయి, అసలు పెట్టుకోవడమే లేదన్నమాట. కుడి చంక దగ్గర కుట్టు రెండంగుళాలు విప్పేసి ఉంది. చిరిగింది కాదు, జాగ్రత్తగా బ్లేడుతో విప్పింది. బాబాయి దాన్ని వేలితో తడిమి, "ఈవిడకి చెయ్యి పైకి లేవడం లేదు. వేళ్ళు కూడా వంగడం లేదు" అన్నారు. డాక్టరు చీటీ చదివినట్టు చెప్పారు.

ఫోను చేసి అడిగితే అక్కయ్య తేలిగ్గా తీసేసింది. "కీళ్ళ నొప్పులురా. పైట కప్పుకుంటాంగా, ఎవరు చూస్తారు?" అంది. ఇంట్లో కూతురికి కూడా చెప్పలేదట. రోజూ పొద్దున్న జాకెట్టు తొడుక్కోవడానికి పావుగంట పడుతోందని తర్వాత మేనకోడలు చెప్పింది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. చీర కొనడానికి ఆ సంగతి తెలియనక్కర్లేదు. చీర అయిదున్నర మీటర్లు, ఎవరికైనా అంతే. దుకాణంలో రంగు చూస్తాం, అంచు చూస్తాం, ధర చూస్తాం. మనిషిని చూడాల్సిన అవసరం రాదు. అది చీర తప్పు కాదు, మన తప్పూ కాదు. కొనడం అనే పని స్వభావమే అంత. కుట్టాలంటే మాత్రం ముందు మనిషిని చూడాలి. ఎంత వెడల్పు, ఎంత పొడవు, చెయ్యి ఎంతదాకా లేస్తుంది, ఎక్కడ ఒరుసుకుంటుంది, ఏది దాచుకుంటోంది. అవన్నీ తెలిస్తేగానీ కత్తెర కదలదు.

ఆ జాకెట్టు మేము ఇలా కుట్టాం. చంక చుట్టు కొలత రెండంగుళాలు పెంచాం. చంక కింద ఏటవాలుగా కత్తిరించిన చతురం ముక్క ఒకటి అతికాం. బట్టకి పడుగు ఉంటుంది, పేక ఉంటుంది. పడుగు వెంట లాగితే దాదాపు సాగదు. పేక వెంట కొంచెం సాగుతుంది. ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది, దాన్నే టైలర్లు క్రాస్ అంటారు. ఆ సాగే గుణం చెయ్యి కదలడానికి పనికొస్తుంది. చేతులు మోచేతి దాకా, వదులుగా. ముందువైపు హుక్కుల బదులు వెల్క్రో పట్టీ, దాని మీద పైకి కనిపించేలా మామూలు గుండీలు ఊరికే కుట్టాం. చూసేవాళ్ళకి గుండీల జాకెట్టే. విప్పాలంటే చర్రున లాగితే చాలు. వెల్క్రో గరుకు వైపు ఒంటికి తగలకుండా బయటివైపుకి తిప్పి, లోపల మెత్తటి అస్తరు వేశాం. కత్తిరించే ముందు బట్టనీ అస్తరునీ ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేశాం. నూలు బట్ట మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, రెండూ వేరు వేరుగా ముడుచుకుంటే జాకెట్టు పాడవుతుంది.

బాబాయి పక్కన కూర్చుని చెబుతుంటే, నాకు మూడు రోజులు పట్టింది. సంక్రాంతికి ఇచ్చాను. అక్కయ్య లోపలికి వెళ్ళి, వేసుకుని, రెండు నిమిషాల్లో బయటికి వచ్చింది. "బాగుందిరా" అని ఒక్క మాట అంది. తర్వాత ఇంకో నాలుగు కుట్టించి పెట్టమంది, రంగులు కూడా చెప్పింది. అదీ మా అక్కయ్య మెచ్చుకోలు.

మూడో కానుక మా మనవరాలికి బొంత. మా అమ్మ పోయాక ఆవిడ నేత చీరలు కొన్ని పెట్టెలో ఉండిపోయాయి. ఎవరూ కట్టుకోరు, ఎవరూ పారేయలేరు. పుట్టిన బిడ్డని పాత నూలు చీర మీదే పడుకోబెట్టడం మన పెద్దల అలవాటు. దానికి కారణం ఉంది. కొత్త బట్టలో గంజి ఉంటుంది, గరుకు ఉంటుంది. వందసార్లు ఉతికిన చీరలో ఆ రెండూ ఉండవు, చెమట పీల్చుకుంటుంది, త్వరగా ఆరుతుంది. మూడు చీరలు మడతలు పెట్టి, ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లతో పొరలు కదలకుండా పట్టి ఉంచి, తర్వాత రెండేసి అంగుళాల ఎడంతో మా ఆవిడా నేనూ చేత్తో కుట్టాం. టీవీ చూస్తూ, సాయంత్రాలు, నెల రోజులు పట్టింది. ఒక వైపు నుంచి ఆవిడ, ఇంకో వైపు నుంచి నేను. మధ్యలో కలిసేసరికి, ఆవిడ కుట్లు గోధుమగింజల్లా, నావి చింతగింజల్లా ఉన్నాయి. అలాగే ఉంచేశాం.

పసిపిల్లలకి కుట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు మా అమ్మాయి చెప్పింది. గుండీలు, పూసలు, చమ్కీలు, అద్దాలు వేయకూడదు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. రంగు దిగుతుందేమో ముందే చూడాలి, తడి తెల్లగుడ్డతో రుద్దితే తెలిసిపోతుంది. ఒక చీర ఎర్ర అంచు రంగు దిగింది, ఆ అంచు తీసేశాం. మిగతాదంతా అమ్మ చీరే. ముత్తవ్వని చూడని పిల్ల ఆవిడ చీర మీద బోర్లాపడింది.

ఇక్కడ ఒక మాట. చేత్తో చేసినదల్లా గొప్పది, కొన్నదల్లా తక్కువ అని నేను అనడం లేదు. మా మేనల్లుడికి చొక్కా కుడతానంటే, "మావయ్యా, నాకు కంపెనీ చొక్కానే కావాలి" అన్నాడు. అదీ అతని ఆదే. కొనిచ్చాను. కుట్టినవాడి సంతోషం కోసం ఇచ్చేది కానుక కాదు, అవతలివాళ్ళ మీద పెట్టే బరువు. ఎవరికి ఏది పనికొస్తుందో చూడటమే అసలు పని. కుట్టడం ఆ చూపుని బలవంతంగా నేర్పుతుంది.

ఇంకొకటి కూడా నేర్పింది, కూలి విలువ. జాకెట్టుకి మూడు రోజులు పెట్టాక, టైలరు గారితో పది రూపాయలకి బేరమాడే నోరు నాకు రాలేదు. మనం నరసాపురానికి దగ్గరివాళ్ళం. మన చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు చిన్న కొక్కెపు సూదితో దారపు అల్లిక అల్లడం మనందరం చూస్తూ పెరిగాం. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. విదేశాలకి వెళ్ళింది, పేరు తెచ్చుకుంది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే పరిశోధకురాలు ఇక్కడికి వచ్చి, ఆ అల్లేవాళ్ళ మధ్య తిరిగి, 1982లో పుస్తకం వేశారు. గంటల తరబడి అల్లుతున్నా, ఆ ఆడవాళ్ళని కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టడం లేదని, ఇంట్లో ఊరికే కూర్చుని తీరిక వేళ చేసుకునే పని అంటున్నారని, అందుకే కూలి అంత తక్కువని ఆవిడ చూపించారు. లేసు వ్యాపారం మాత్రం మగవాళ్ళ చేతుల్లో ఉంది. "చేతిపని ఎంత బాగుందో!" అని మెచ్చుకోవడం తేలిక. ఆ చేతికి ఎన్ని గంటలు పట్టిందో తెలిసినవాడు మెచ్చుకోవడంతో ఆగడు. తెలియాలంటే ఒక్కసారైనా తను చేసి చూడాలి.

ఇప్పుడు మన బడి సంగతి.

మన రోజుల్లో చేతిపనుల పీరియడ్ ఉండేది. మగపిల్లలకి తోటపని, తకిలీ మీద నూలు వడకడం. ఆడపిల్లలకి కుట్టుపని. తూర్పు వైపు చివరి గదిలో వాళ్ళు మిషను తొక్కుతుంటే, ఆ చప్పుడు మాకు పాదుల దగ్గరికి వినిపించేది. మాకు ఆ గదిలోకి వెళ్ళే పని లేదు, వాళ్ళకి పలుగు పట్టే పని లేదు. ఆ పీరియడ్ ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు. 1937లో వార్ధాలో గాంధీగారి అధ్యక్షతన విద్యావేత్తలు కూర్చుని, చదువు ఏదో ఒక చేతిపని చుట్టూ అల్లుకోవాలన్నారు. దానికి పాఠ్య ప్రణాళిక తయారుచేసిన సంఘానికి జాకీర్ హుస్సేన్‌గారు అధ్యక్షులు, తర్వాత మన రాష్ట్రపతి అయ్యారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం దాన్నే కొత్త పేరుతో మళ్ళీ చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, స్థానిక పనివాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలంటోంది. కాగితాల మీద ఎనభై ఏళ్ళకు పైగా ఒకే మాట అంటూనే ఉన్నాం. ఇక్కడ మాత్రం కుట్టు టీచరుగారు రిటైరయ్యాక ఆ స్థానంలో ఎవరూ రాలేదు. మిషన్లు రెండు స్టోరు గదిలో, విరిగిన బల్లల వెనక ఉన్నాయి. పోయిన వారం హెడ్మాస్టరుగారి అనుమతితో వెళ్ళి చూశాను. బెల్టులు పోయాయి, తుప్పు పట్టాయి. ఇనుము మాత్రం గట్టిగా ఉంది. బాబాయి చూసి, నూనె, బెల్టులు, రెండు షటిళ్ళు ఉంటే నడుస్తాయన్నారు.

ఈ సందర్భంగా మన లెక్కల మాస్టారి అనుమతితో ఒక విషయం చెబుతాను, ఆయన ముందు వరసలోనే ఉన్నారు. కిందటేడు వాళ్ళింటికి వెళ్తే, బీరువా తెరిచి చూపించారు. సన్మానాల్లో కప్పిన శాలువాలు పద్నాలుగు. "ఏరా, ఇన్ని కప్పారు. ఒక్కడూ నాకు చలేస్తోందా అని అడగలేదు" అని నవ్వారు. ఆ పద్నాలుగూ నాకు ఇచ్చేశారు. మేము నలుగురం, మా ఆవిడ, ఈ బడిలోనే చదివిన ఇద్దరు చెల్లెమ్మలు, నేను, కూర్చుని వాటిని ఏడు బొంతలు చేశాం. పైన ఒక శాలువా, కింద ఒక శాలువా, మధ్యలో పాత నూలు దుప్పటి. జరీ అంచులు గీరుకుంటాయని తీసేశాం. శాలువా జారే బట్ట, కచ్చా కుట్టు దగ్గర దగ్గరగా వేస్తేగానీ నిలవదు. వాటిని మన ఊరి హాస్టల్లో ఉండి మన బడిలో ఆరో తరగతి చదువుతున్న ఏడుగురికి ఇచ్చాం. ముందే వెళ్ళి, మూల మీద మీ పేరు కాడకుట్టుతో కుట్టమంటారా అని అడిగాం. అయిదుగురు పేరు కావాలన్నారు. ఒకడు క్రికెట్ బ్యాటు కావాలన్నాడు. ఒకడు వాళ్ళ అమ్మ పేరు కుట్టమన్నాడు. అడిగి ఉండకపోతే ఆ పిల్లాడి మనసులో ఏముందో మాకు తెలిసేది కాదు.

అందుకని ఈ స్వర్ణోత్సవ సందర్భంలో సంఘానికి నా విన్నపం ఇది. పైలాన్లూ, జ్ఞాపికలూ వద్దని నేను అనను. వాటి పక్కన ఆ తూర్పు గది కూడా తెరుద్దాం. రెండు మిషన్లు బాగుచేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసే. కూర్చోబెట్టి నేర్పడానికి బాబాయి ఒప్పుకున్నారు. అయితే ఆయనకి కూలి ఇవ్వాలి, సన్మానం చేసి సరిపెట్టకూడదు. ఆ కూలి సంఘం భరించాలని కోరుతున్నాను.

పదో తరగతి దాటేలోపు ప్రతి పిల్లకీ పిల్లాడికీ నాలుగు పనులు రావాలని నా ఆశ. ఊడిన గుండీ కుట్టుకోవడం. గుండీకీ బట్టకీ మధ్య అగ్గిపుల్ల ఒకటి పెట్టి కుట్టి, పుల్ల తీసేసి, ఆ ఖాళీలో దారాన్ని నాలుగు చుట్లు చుట్టి ముడి వేస్తే, గుండీ కాజాలో సుఖంగా కూర్చుంటుంది, లాగినా ఊడదు. రెండోది, లంగా అంచు, ప్యాంటు అంచు మడిచి కుట్టడం. మూడోది, చిరుగు కనబడకుండా అతుకు వేయడం. నాలుగోది, ఒక సంచి. ఆ సంచి తమ కోసం కాదు, ఇంట్లో ఒకరి కోసం కుట్టాలి. కుట్టే ముందు వాళ్ళని వారం రోజులు గమనించి, ఏం మోస్తారో, ఎలా మోస్తారో, నోటుబుక్కులో రాసుకు రావాలి. మార్కులు ఆ నోటుబుక్కుకి వేద్దాం. కుట్లు వంకరైనా పరవాలేదు, అవి చేయగా చేయగా తిన్నబడతాయి.

ఈ బళ్ళో గురువులు మా ఒక్కొక్కరి ఆది చూసుకునే నేర్పారు. ఎవడికి లెక్కలు ఎక్కవో, ఎవడు అన్నం తినకుండా వచ్చాడో, ఎవరికి ఫీజు కట్టే దారి లేదో వాళ్ళకి తెలిసేది. మేము చెప్పకుండానే తెలిసేది. యాభై ఏళ్ళుగా ఈ సంఘం నిలబడింది అందుకే. ఆ చూపు ఇప్పటి పిల్లలకీ అందాలంటే సూదీ దారం మంచి సాధనాలు, ఖర్చు తక్కువ.

వచ్చే శనివారం మధ్యాహ్నం రెండింటికి స్టోరు గది తాళం తీస్తున్నాం. బల్లలు జరపడానికి నలుగురు కావాలి, తుప్పు గీకడానికి ఇద్దరు. పాత నూలు చీరలు, దుప్పట్లు ఉంటే ఉతికి తీసుకురండి. ఈ సభ అయ్యాక పేర్లు రాసుకుంటాను, టేపు కూడా జేబులోనే ఉంది.